ఆ పూట లోపల ఎంతమంది?



సాయంత్రం ఆరు దాటాక ముంబయి హైవే మీద ఇస్నాపూర్ చౌరస్తాలో కాసేపు నిలబడితే అయిదారు భాషలు ఒకేసారి చెవిన పడతాయి. భోజ్‌పురి, ఒడియా, బెంగాలీ, హిందీ, మధ్యలో మన తెలుగు. పాశమైలారం వైపు నుంచి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు కొందరు, టిఫిన్ డబ్బా పట్టుకుని రాత్రి షిఫ్టుకు పోయేవాళ్లు కొందరు. రోడ్డు వెనక సందుల్లో వరుసగా రేకుల గదులు. ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. పగటి షిఫ్టు వాళ్లు లేచిపోయిన చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి నడుం వాలుస్తారు. వీళ్లలో చాలామందికి ఈ ఊళ్లో ఓటు లేదు, రేషన్ కార్డు లేదు. ఎవరికైనా ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో పక్క గదివాడికి కూడా తెలియదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో న్యాయం కోసం సంఘాలు కలిసి నడిచిన కథ ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను. దాదాపు నలభై ఏళ్ల కథ అది. మన రాష్ట్రం గర్వపడదగిన కథ. అందులో ఒక పెద్ద లోటు ఉంది. ఆ లోటు దగ్గరికి చివర వస్తాను.

పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్టపంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. దానికి ముందే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఉంది. 1970ల నడుమ నుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. అప్పట్లో ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది; వెనుకబడిన జిల్లా కాబట్టి రాయితీలిచ్చారు. హైదరాబాదు పక్కనే ఉంది, భూమి చవక. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. పరిశ్రమలు రావాలని అడిగినవాళ్లు ఇక్కడి ప్రజలే. అది తప్పుకాదు. వాననీటి మీద బతికే రైతు తన కొడుక్కి నెలజీతం కావాలని కోరుకోవడంలో తప్పేముంది?

వచ్చిన వాటిలో మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు ఎక్కువ. ముడి మందు తయారుచేస్తే మిగిలే మురుగు మామూలు మురుగు కాదు. ద్రావకాలు, లవణాలు, మిగిలిపోయిన మందు అందులో ఉంటాయి. దాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం పటాన్‌చెరుకు 1994లో గానీ రాలేదు. అంతకుముందు రెండు దశాబ్దాల మురుగు ఎటుపోయింది? వాననీటి కాలువల్లోకి, కుంటల్లోకి, బోరుబావుల్లోకి, రాత్రిపూట ట్యాంకర్లలో ఊరి చివర గుంతల్లోకి పోయింది. అక్కడి నుంచి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి. మంజీర పరీవాహకంలోని రైతు తడి పెట్టుకున్నది ఆ మంజీర నీళ్లే. గండిగూడెం చెరువు, ఖాజీపల్లి చెరువు, కిష్టారెడ్డిపేట చెరువు, బొల్లారం దగ్గరి అసానికుంట: ఒక్కొక్కటే రంగు మారాయి. బావినీళ్లు బకెట్‌లో పోసి కాసేపు ఉంచితే పైన తెట్టు కట్టేది. ఆ నీళ్లు తాగిన బర్రెలు చచ్చిపోయాయి. పొలంలో నారు నాటితే వేరు పట్టలేదు.

ఇక్కడి నుంచే కూటమి కథ మొదలవుతుంది.

పటాన్‌చెరులో దవాఖానా నడుపుతున్న డాక్టర్ కిషన్‌రావు ఒక సంగతి గమనించారు. తన దగ్గరికి వస్తున్న రోగుల జబ్బులు మారుతున్నాయి. చర్మవ్యాధులు, ఊపిరి అందని బాధలు, కడుపుజబ్బులు, గర్భస్రావాలు. ఏ ఊరివాళ్లు ఏ జబ్బుతో వస్తున్నారో చూస్తే అవి వాగుల వెంటే వరుసగా కనబడ్డాయి. ఒక డాక్టరు మందుచీటీ రాసి పంపించేసి ఉండొచ్చు. ఆయన ఊళ్లలోకి నడిచారు. 1980ల నడిమికల్లా ఊళ్ల రైతులు, డాక్టర్లు, యువకులు కాలుష్య వ్యతిరేక కమిటీగా ఏర్పడ్డారు. పటాన్‌చెరు నుంచి హైదరాబాదు దాకా జనం నడిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు పురుషోత్తంరెడ్డి వంటి వారు నగరం నుంచి చెయ్యి కలిపారు. 1990లో సుప్రీంకోర్టులో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ పిటిషన్ వేసింది. కోర్టు ఆదేశంతో సంగారెడ్డిలో ఉన్న జిల్లా జడ్జి ఊళ్ల నష్టాన్ని విచారించారు. కలుషితమైన ఊళ్లకు బయటి నుంచి తాగునీరు తెప్పించాలని, రైతులకు పరిహారం కట్టాలని ఆదేశాలు వచ్చాయి.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తన పొలం చచ్చిపోయిందని రైతుకు తెలుసు. ఏ రాత్రి ఏ ట్యాంకరు వచ్చి ఎక్కడ ఒంపి పోయిందో ఊరి కాపలావాడికి తెలుసు. కాని ఆ నీళ్లలో ఏముందో వాళ్లు చెప్పలేరు. అది ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్త చెప్పగలడు. కాని ఏ గుంతలో, ఏ వేళ నీళ్లు పట్టాలో శాస్త్రవేత్తకు రైతు చూపించాలి. రిపోర్టు చేతిలో ఉన్నా దాన్ని కోర్టు వినే భాషలో చెప్పడానికి న్యాయవాది కావాలి. న్యాయవాది ఢిల్లీలో నిలబడి వాదిస్తుంటే, ఇక్కడ అధికారి తనిఖీకి వచ్చిన రోజున ఊరంతా బయటికి రావడానికి సంఘం కావాలి. ఎవరి దగ్గరున్న ముక్క వాళ్లు తెచ్చి కలిపితేనే ఒక సాక్ష్యం తయారైంది. రైతు నోటిమాటను సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోని వ్యవస్థలో, ఆ మాటకు విలువ తెప్పించడమే ఈ కూటమి చేసిన అసలైన పని అని నేననుకుంటాను.

తర్వాత బయటి ప్రపంచం కూడా చెయ్యి వేసింది. 2004లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ మెదక్ జిల్లా ఊళ్లలో ఆరోగ్య సర్వే నివేదిక వెలువరించింది. 2007లో స్వీడన్‌కు చెందిన శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు అచ్చువేసింది. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికి వచ్చేది. శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. మొత్తంగా లెక్కవేస్తే రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లోక్సాసిన్ వాగులో పడేది. దాదాపు 45 వేలమందికి ఒకరోజు వైద్యానికి సరిపోయే మందది. అలాంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే పటాన్‌చెరు పేరు ప్రపంచమంతటా వైద్యపత్రికలకు ఎక్కింది. మన ఊరి పేరు అలా తెలియడం బాధాకరమే. కాని ఆ అధ్యయనం రావడానికి ఇరవై ఏళ్ల ముందే, బావినీళ్లు వాసన చూసి ఊళ్లో ఆడవాళ్లు చెప్పిన మాట కూడా అదే కదా!

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్రంగా కలుషితమైనట్టు. ఆ జాబితాలో దేశం మొత్తం మీద 43 ప్రాంతాలున్నాయి.

ఇంత చేసిన కూటమి ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే పోరాడినవాళ్లను గౌరవించినట్టు కాదు.

పరిహారం ఎకరాల లెక్కన కట్టారు. తరి ఎకరానికి ఒక లెక్క, మెట్ట ఎకరానికి ఒక లెక్క. పట్టా ఉన్నవాళ్లకు అది కొంతైనా అందింది. మరి అదే పొలంలో నాట్లు వేసే కూలికి? చెరువులో చేపలు పట్టుకునే ముదిరాజులకు? వాగు ఒడ్డున గొర్రెలు మేపుకునే గొల్లలకు? నష్టం అందరిదీ. లెక్క మాత్రం భూమి కాగితానిది.

రెండోది పైపులైను. నక్కవాగులోకి పోయే నీటిని ఆపడానికి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, నగరపు పెద్ద మురుగుకాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చారు. 2009లో అది మొదలైంది. నక్కవాగు ఊళ్లు కొంత ఊపిరి పీల్చుకున్నాయి. ఆ నీళ్లు చివరికి చేరింది మూసీలోకి. మూసీ కింద గడ్డి పెంచుకునే రైతులు, వరి పండించుకునే రైతులు మావైపు ఎందుకు పంపుతున్నారని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మంజీర గట్టువాళ్లు, మూసీ గట్టువాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ముందే మాట్లాడుకునే ఏర్పాటు ఉండి ఉంటే, మురుగు పుట్టిన చోటే ఆపాలన్న డిమాండు మరింత గట్టిగా వినబడేది. కష్టాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మళ్లించడాన్ని నేను పరిష్కారం అనలేను.

కోర్టు సంగతికి వస్తే, 1990లో వేసిన ఆ కేసు సుప్రీంకోర్టు నుంచి 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో ముగిసింది. ఇరవై ఏడేళ్లు. కేసు వేసినప్పుడు పుట్టిన పిల్ల, తీర్పు వచ్చేసరికి తల్లి అయి ఉంటుంది.

ఇదే జిల్లాలో ఇంకో కూటమి ఉంది. పటాన్‌చెరు నుంచి అదే హైవే మీద పడమటికి పోతే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వస్తుంది. అక్కడ 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. పేద దళిత మహిళల సంఘాలు దానికి ప్రాణం. బీడుపడ్డ భూములు సాగుచేసుకున్నారు, పాత విత్తనాలు దాచుకున్నారు, ఊరి ధాన్యపు బ్యాంకులు పెట్టుకున్నారు. ప్రతి సంక్రాంతికీ ఎడ్లబండ్లు అలంకరించి, మట్టికుండల్లో విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాతపంటల జాతర తిప్పుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ పురస్కారం వాళ్లకు వచ్చింది.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు రేడియో నడుపుకోవచ్చని ప్రభుత్వం 2006లో ఒప్పుకుంది. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్ గ్రామంలో ఈ మహిళల ‘సంఘం రేడియో’ మొదలైంది. 90.4 మెగాహెర్ట్జ్. దాన్ని నడిపింది నర్సమ్మ అనే పేరుగల ఇద్దరు దళిత మహిళలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలి, బాలింతకు ఏం పెట్టాలి, ఏ పండగకు ఏ పాట పాడాలి, అన్నీ తమ యాసలో, తమ గొంతుతో చెప్పుకున్నారు.

పటాన్‌చెరులో బాధితుడి మాటను డాక్టరు, శాస్త్రవేత్త, వకీలు మోసుకెళ్లారు. మాచ్‌నూర్‌లో బాధ పడ్డవాళ్లే మైకు పట్టుకున్నారు. మొదటిది లేకపోతే కోర్టులో గెలవలేం. రెండోది లేకపోతే ఎవరిని మర్చిపోయామో మనకు తెలియదు. ఈ రెండు పద్ధతులూ ఒకే జిల్లాలో పుట్టాయి. ఇప్పుడు పరిశ్రమలు ఆ హైవే వెంటే పడమటికి జరుగుతున్నాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్లలో 12,635 ఎకరాలతో నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక మండలం తలపెట్టారు. 2024లో న్యాల్‌కల్ మండలంలోని డప్పూర్, వడ్డి, మాల్గి ఊళ్లలో ఫార్మా కోసం భూములు తీసుకుంటామన్నప్పుడు రైతులు రోడ్డెక్కారు. పటాన్‌చెరులో ఏం జరిగిందో కళ్లారా చూసిన జిల్లా ఇది. అక్కడి అనుభవం ఇక్కడి ఊళ్లకు అందాలి. కాగితాలతో సహా అందాలి.

ఇప్పుడు మొదట చెప్పిన లోటు దగ్గరికి వస్తాను.

2025 జూన్ 30, సోమవారం ఉదయం. పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు. మందుబిళ్లలు కట్టుగా నిలవడానికి వాటిలో కలిపే తెల్లటి పొడి అక్కడ తయారవుతుంది. మూడంతస్తుల భవనం కూలిపోయింది. 54 మంది పోయారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు, మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లు. ఆ 54 మందిలో ఎనిమిదిమందికి సంబంధించి గుర్తుపట్టగల అవశేషం కూడా దొరకలేదు. రక్తసంబంధీకుల నుంచి నమూనాలు తీసుకుని డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. వందల మైళ్ల దూరం నుంచి రైలెక్కి వచ్చిన తండ్రులు, తమ్ముళ్లు ఫోన్‌లో ఫోటో చూపించుకుంటూ పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజుల తరబడి తిరిగారు. ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారన్న అంకె పదే పదే మారింది.

ఆ అంకె మారడమే నన్ను ఇవాళ్టికీ వదలని విషయం. యంత్రం ఎంత వేడెక్కిందో లెక్క ఉంటుంది. ఎన్ని కిలోల పొడి సంచుల్లోకి ఎక్కిందో లెక్క ఉంటుంది. కాంట్రాక్టరు పంపిన మనిషి ఏ ఊరివాడో, వాడి తల్లి పేరేమిటో లెక్క ఎవరి దగ్గరుంది?

నీటి కోసం, భూమి కోసం నలభై ఏళ్లు పోరాడిన మన కూటమి ఫ్యాక్టరీని గోడ బయటి నుంచి చూసింది. గోడ లోపలివాళ్లు మనవాళ్లని అనుకోలేదు. పొలం పోయిన తండ్రి ధర్నాలో కూర్చుంటే, కొడుకు అదే గేటు లోపలికి షిఫ్టుకు పోయే ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో ఇద్దరికీ చెప్పుకునే చోటు లేకపోయింది. యూనియన్లు పర్మినెంటు కార్మికుల దగ్గరే ఎక్కువ ఆగిపోయాయి. కాంట్రాక్టు కార్మికుడు, అందులోనూ భాష తెలియని వలస కార్మికుడు, ఈ సంఘంలోనూ లేడు, ఆ సంఘంలోనూ లేడు. విషవాయువును అందరికంటే ముందు పీల్చేది అతనే. రేపు నక్కవాగులో పడబోయే మురుగు ఇవాళ అతని చేతుల మీదుగానే పోతుంది. పర్యావరణం వేరు, కార్మికుల భద్రత వేరు అని మనం గీసుకున్న గీత తప్పు గీత. ఈ మాట నేను ఖచ్చితంగా చెప్పగలను.

చట్టం ఈ రెండింటినీ కలిపే చూసింది. భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదకరమైన పని నడిపే కర్మాగారం ఆ ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలని రాశారు. యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ ఉండాలన్నారు. ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడికి అనిపిస్తే ఆ సంగతి పైవాళ్ల దృష్టికి తెచ్చే హక్కు ఇచ్చారు. 1979లో, ఒడిశా నుంచి దాదన్ పేరుతో కూలీలను తరలించుకుపోయే పద్ధతి చూసి, వలస కార్మికుల కోసం వేరే చట్టం చేశారు. అయిదుగురు వలస కార్మికులున్నా అది వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. అందులో ఆ అంకె పదికి పెరిగింది. చిన్న కాంట్రాక్టరు కింద ఏడెనిమిదిమంది పనిచేసే చోట ఎవరు అడగాలి, ఏ చట్టం కింద అడగాలి? ఇది వకీళ్లు, యూనియన్లు, హక్కుల సంఘాలు కూర్చుని తేల్చాల్సిన పని. కార్మికుడిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టుకునే తేల్చాలి.

అంతదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, ముత్తంగి, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి ఊళ్లలో గదులు అద్దెకిచ్చే అన్నలకు, అక్కలకు, అమ్మలకు నా విన్నపం ఇది. రేపు అద్దె కోసం వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. ప్రతి గది ముందూ కూర్చుని అడిగి రాసుకోండి: మనిషి పేరు, సొంత ఊరు, పనిచేసే కంపెనీ, పంపిన కాంట్రాక్టరు, ఏ షిఫ్టు, ఇంటి దగ్గర ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఇది పోలీసులకు ఇచ్చే లెక్క కాదని ముందే చెప్పండి, లేకపోతే భయపడతారు. మీ బస్తీ మహిళా సంఘం దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర ఇంకో ప్రతి ఉంచండి. హిందీ రాకపోతే ఇంటర్ చదివే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ రాత్రి షిఫ్టుకు పోయినవాళ్లు తెల్లారేసరికి గదికి వస్తారు. అప్పుడే మొదలుపెట్టండి.